రెండు తట్లు కుడికి

భుజం మీద పదిహేను కిలోల గ్యాసు బండ.
రెండు చేతులూ దాని మెడకే అంకితం.
ఫోను జేబులోనే ఉంది,
చూడాలంటే ముందు బండ దించాలి.
వాల్పరైసో మెట్ల మీద బండ దించడమంటే
సముద్రానికి అప్పగించడమే.

అందుకే మణికట్టుకి ఈ పట్టీ.
ఒక్క తట్టు ఎడమకి, రెండయితే కుడికి,
ఇల్లు చేరాక పొడుగ్గా ఒక వణుకు,
తడిసిన కుక్కపిల్ల ఒళ్లు విదిలించుకున్నట్టు.

మొదటివారం దోమనుకుని కొట్టాను.
ఇప్పుడు నా కళ్లు నాకు తిరిగొచ్చాయి:
పొగమంచులో ఏ మెట్టు ఊగుతోందో,
ఏ కుక్క నిద్ర నటిస్తోందో,
ఎవరి బాల్కనీ మీది నీలం దుప్పటి
నిన్నటికన్నా వెలిసిపోయిందో
చూసుకుంటూ ఎక్కుతాను.
పని నేర్పిన ముసలి అబెలీనో
వెనకే నడుస్తూ వీపులో వేలితో పొడిచేవాడు,
"ఇటురా గాడిదా!"
పట్టీకి ఆ తిట్టొక్కటే రాదు.

అన్నీ తెలుసనుకోకండి దానికి.
మొన్నటి వానకి మెట్లు కొట్టుకుపోయిన సందు దగ్గర
రెండు తట్లు. మళ్లీ రెండు తట్లు.
"నువ్వెళ్లిరా," అన్నాను.

కొండ చివర దోన్యా ఎర్సీలియా ఇల్లు.
నలభై ఏళ్లుగా చెవుడు ఆవిడకి.
కింద లారీవాళ్లు బండల మీద ఇనపకడ్డీతో
గణగణా వాయించినా
ఆవిడకి అది మూగ వీధే.
వాకిట చెక్క మీద నేను కాలితో
దబదబా రెండుసార్లు బాదుతాను.
వంటింట్లో ఉత్తికాళ్లతో నిలబడి
ఆవిడ అరికాళ్లతో వింటుంది.

ఇవాళ డబ్బులు నా అరచేతిలో పెట్టి
వేళ్లు మూస్తుండగా
పట్టీ వణికింది.
ఉలిక్కిపడి వదిలేసింది. మళ్లీ పట్టుకుంది.
కళ్లు మూసుకుని కాసేపు
పక్కింటి గోడకి చెవి ఆనించినట్టు నిలబడింది.
"పాపం," అంది,
"దీనికీ వినబడదా?"

ఏం చెప్పను?
ఒకటైతే ఎడమకి, రెండయితే కుడికి అని
వేళ్లతో చూపించాను.
తల ఊపింది, ఎప్పుడో తెలిసిన సంగతేలే అన్నట్టు.

ఖాళీ బండ తేలిక. ఒక చెయ్యి ఊరికే ఊగుతోంది.
అయినా ఫోను తియ్యాలనిపించలేదు.
గుమ్మం దిగుతుంటే
వెనక చెక్క మీద
దబదబా రెండుసార్లు.

ఆలోచించకుండా కుడికి తిరిగాను.
కుడివైపు ఆవిడ కోళ్లగూడు.