పడక

నిలువు రాయి వద్దు, గొట్లోబ్.
ఆయనకి పడుకునే రాయి చెక్కు.
నీ ఉలి ఇంకా జారుతోంది, చూశాను,
అయినా పొర పట్టుకోవడం తెలుసుగా?
తడిపి చూడు. ఎల్బె నీళ్ళు చాలు.
తడిస్తే తేలతాయి గీతలు,
దుప్పటి మీద దుప్పటి మడిచి పెట్టినట్టు.

ఇదంతా సముద్రం అడుగనేవాడు.
నవ్వేదాన్ని. ఇక్కడ సముద్రమెక్కడ,
ఉప్పు కూడా కొనుక్కునే ఊరు మాది.
ఒక రాత్రి జేబులోంచి గవ్వ తీసి బల్ల మీద పెట్టాడు.
గవ్వ కాదు, గవ్వ ఉండిన చోటు.
"ఏదో కొండ అరిగింది. ఏట్లో దొర్లింది.
రేణువు రేణువుగా వచ్చి ఇక్కడ కూలబడింది.
పైన బరువు, సందుల్లో ఊట,
ఆ ఊటే జిగురు.
తొందర లేదు దానికి" అన్నాడు,
గిన్నెలో చారు చల్లారిపోతుంటే.

గోడ పడగొట్టడం నువ్వు చూడలేదు.
రెండేళ్ళు, ఒక్కోసారి మూడు,
కొండ కాళ్ళ కింద పక్కకి ఒరిగి
మూరెడెత్తు చీకట్లో
ఎనిమిది మంది తొలుచుకుంటూ పోవాలి.
పగుళ్ళలో పింగాణీ పెంకులు దోపేవాళ్ళు.
పెంకు రాలిందా,
గోడకి మెలకువొచ్చిందని లెక్క.
మా పెళ్ళి పళ్ళేలు సగం అలాగే పోయాయి.

పడిన రోజు ఏరు ఒక అడుగు వెనక్కి నడిచింది.
దుమ్ము తగ్గాక నన్ను తీసుకెళ్ళి
కొత్త రాతి మీద నా చెయ్యి పెట్టాడు.
తేమగా ఉంది, తేనె రంగు.
"చంటిపిల్ల మాడు. గాలి తగిలితే గట్టిపడుతుంది."
ఆ వారమే పడవెక్కి డ్రెస్డెన్ పోయింది.
అక్కడ నల్లబడుతుందట,
చర్చి గోపురమై, ఎవరి మెట్లో అయి.
నేనెప్పుడూ వెళ్ళలేదు.

ఆయన లోపల కూడా పేరుకుంది.
అదీ తొందరపడలేదు.
డాక్టరు వీపు మీద వేలితో తట్టాడు,
మీ మేస్త్రీ రాయిని తట్టినట్టే.
మంచి రాయి గంటలా మోగుతుంది కదా.
మోగలేదు.

ముప్పైతొమ్మిదేళ్ళు.
పడుకునే సంపాదించిన మనిషి
చివరి చలికాలమంతా పడుకోలేకపోయాడు.
వాలిస్తే ఊపిరందేది కాదు.
కుర్చీలో, వెనక మూడు దిళ్ళు,
కిటికీ వైపు మొహం,
నిద్రలో కూడా కూర్చునే.
పుట్టినప్పుడు ఎలా పడుకుందో
గోడలోనూ రాయినలాగే పడుకోబెట్టాలని,
నిలబెడితే పొరలు పొరలుగా ఊడుతుందని
మొదటి రోజే చెప్పుంటారు నీకు.
నేను ఆ కుర్చీ పక్కన నేర్చుకున్నాను.

అందుకే అడుగుతున్నా.
పేరొక్కటి చాలు: లేబెరెష్ట్.
దేవదూతలూ దండలూ వద్దు,
అక్షరానికింతని మీ లెక్క తెలుసు నాకు.

ఆగు, ఉలి అప్పుడే ఎత్తకు.
ఇదిగో గుడ్డ, తడిపే తెచ్చాను.
ముక్కూ మూతీ కలిపి కట్టుకో.
నవ్వకు.
కట్టుకో.