బ్రీదర్ పైపు

ఆటోనగర్ల పొద్దుగూకంగ
క్యాబిన్ ముందుకు వంచి
ఇంజన్ కాడ మోకాళ్ల మీద కూసున్నడు జిలానీ.
ఇంటర్‌కూలర్ గొట్టం ఊడదీసి
వేలు పెట్టి చూపిచ్చిండు:
జిడ్డు.
"టర్బో తాగుతున్నది భాయ్.
ఇంజన్ ఇడిసిన ఊపిరి
మళ్ల అదే గుంజుకుంటున్నది."

రాణిగంజ్ల తెచ్చిన అల్యూమినియం డబ్బా,
లీటరు కూడ పట్టదు.
లోపల స్టీలు పీచు.
మా ఇంట్ల గిన్నెలు తోమేటిదే కదా అంటే
నవ్విండు, కాదనలేదు.
రెండు క్లాంపులు, మూరెడు హోసు,
సైలెన్సర్ సెగ తాకకుండ, నడుమ వంగకుండ.
పది నంబరు పానా జారి
ఛాసిస్ సందుల పడ్డది.
దానికే అరగంట, ఒక తిట్టు, రెండు చాయ్‌లు.

నాగపూర్ పోయొచ్చినంక
అడుగు నట్టు తిప్పితే
ఇరానీ చాయ్ రంగుల
సగం గిలాసంత.

చూసుకుంట నిలబడ్డ.
పన్నెండేండ్ల సంది
ఘాట్ల మీద, టోల్‌గేట్ల కాడ
కిక్కురుమనకుండ మింగింది ఇదా.

"యాడ పొయ్యాలె?" అన్న.
జిలానీ చేతులు తుడుసుకుంట
గోడకున్న డ్రమ్ము దిక్కు గదుమ ఎత్తిండు.
అండ్ల అందరి బండ్లయి
కలిసే ఉన్నయి.