తొడిమ పట్టు

మొదటిరోజు ఆమె మా మొహాలు చూడలేదు.
పద్దెనిమిది మందిమి, వేలంలో లక్షలు పలికిన మొనగాళ్ళం,
గుంటూరు ఇండోర్ స్టేడియంలో
ఏప్రిల్ ఉక్కకి కారుతూ వరసగా నిలబడ్డాం.
పేర్లడగకుండా మడమలు చూసుకుంటూ పోయి
నా దగ్గర ఆగింది.
"నీ ఎడమకాలు అబద్ధాలాడుతోందయ్యా."

సలోమి మేడం. డిఫెన్స్ కోచ్.
టీం వాళ్ళిచ్చిన టీషర్టు మా సైజుదే,
ఆమెకి మోకాళ్ళ దాకా వచ్చింది.
ఆడమనిషి కొలతకి ఒకటి కుట్టించాలని
ఎవరికి తడుతుంది?

బాజీ నవ్వాడు. నేనూ నవ్వాను, దాచను.
"అయితే మీరే పట్టండి మేడం" అంటూ
కూతకొచ్చాడు వాడు,
ఎనభై అయిదు కిలోల మనిషి, లీగులో ఐదు సీజన్ల రైడరు.
ఆమె ఎడమ మూలలో
ముగ్గు వెయ్యబోతున్నట్టు వంగింది.
భుజం చూడలేదు, కళ్ళు చూడలేదు.
వాడి పాదం బోనస్ గీత దాటిన రెప్పపాటులో
టక్.
కూత మధ్యలో తెగింది.
పైన ఫ్యాన్ల చప్పుడు మిగిలింది.

"ఎక్కడ నేర్చారు మేడం?"
"కోల్డ్ స్టోరేజీలో."

తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది.
మిర్చి యార్డు వెనక, సీజన్ నాలుగు నెలలూ
వాళ్ళమ్మ దీనమ్మ పక్కన కూర్చుని
కాయలకి తొడిమలు తీసేదట. కిలోకింతని కూలి.
పైన పట్టుకుంటే తొడిమ సగమే తెగుతుంది
కింద పట్టుకుంటే కాయ పగిలి గింజలు రాలతాయి
మేస్త్రి తిడతాడు.
చీలమండా అంతేనంటుంది:
"కాయ ఎరుపు చూసి మోసపోకండి.
తొడిమెక్కడుందో చూడండి."

సాయంత్రానికి వేళ్ళు మండేవి,
మజ్జిగలో ముంచి ఆటకి పరిగెత్తేది.
ఓ స్కూలు ఫైనల్లో చెయ్యి కంట్లో పెట్టుకుందట.
"ఏడుస్తున్నానని జాలిపడి దగ్గరికొచ్చారు.
ముగ్గుర్ని పట్టాను."
ఆ తర్వాత రైల్వే టీము, టికెట్ కౌంటరు,
ఓ మోకాలి ఆపరేషను.
ఆడవాళ్ళకి లీగు లేదప్పుడు.
ఉన్న లీగులోకి ఇలా వచ్చింది,
మా కాళ్ళు చూసుకుంటూ.

విజయవాడ మ్యాచ్. సగం ఆటకి పదకొండు పాయింట్లు వెనకున్నాం.
డ్రెస్సింగ్ రూములో హెడ్ కోచ్ అరుపులు.
తలుపు బయట, ఎప్పట్లానే, ఆమె.
ఉన్నది ఐదు నిమిషాలు.
కారిడార్ బండల మీద నీళ్ళసీసాల మూతలు పేర్చి
ఏడుగురికి ఏడు, వాళ్ళవి ఎర్రవి, మనవి తెల్లవి,
తనలో తనే జరుపుకుంటోంది.
బాజీ లేచాడు. ఒక్కమాటా అనలేదు.
బయటికెళ్ళి ఆ బండల మీద చతికిలబడ్డాడు.
తర్వాత నేను.
తర్వాత సీసాలూ తువ్వాళ్ళూ పట్టుకుని మిగతావాళ్ళు.
చివరికి హెడ్ కోచ్ కూడా వచ్చి
గోడకానుకుని నిలబడ్డాడు.
ఆమె తలెత్తలేదు. తెల్లమూత ఒకటి
మూలనించి వేలెడు వెనక్కి లాగి, "ఇది నువ్వు" అంది నాతో.

గెలిచామని చెప్పాలనుంది.
ఒక్క పాయింటుతో ఓడాం.

మర్నాడు కిట్ సంచి ఇవ్వడానికి వాళ్ళింటికెళ్ళాను.
పేపర్లో బొమ్మ పడింది.
బాజీ గాల్లో, నేను ఎవరి కాలికో వేలాడుతూ.
అంచున సగం కోసేసిన చెయ్యొకటి,
బొటనవేలూ చూపుడువేలూ దగ్గరగా
కనపడనిదేదో తుంచుతున్నట్టు.
కింద అందరి పేర్లూ ఉన్నాయి, ఆ చేతిది తప్ప.

దీనమ్మకి అక్షరం రాదు.
పేపరు దూరంగా పట్టుకుని
ఒక్కసారి చూసి, ఆ చేతి మీద వేలు పెట్టింది.
"ఇదిగో మా సలోమి."

లోపల్నించి మేడం గొంతు:
"చూట్టం అయితే దాని మీద కాయలు ఆరబొయ్యమ్మా.
ఒరే, నువ్వు రేపు ఐదున్నరకల్లా
షూస్ లేకుండా రా."