ముప్పై ఏడో ఫ్రేము

ఒతియా చెప్పుల పెట్టె తెచ్చాడు.
విప్పకముందే పులుపు వాసన.
ఫిల్ము ముసలిదైతే అంతే,
ఎవరో ఊరగాయ జాడీ మూత తీసి మరిచిపోయినట్టు.

కుతాయిసిలో, రొట్టెల కొట్టు మీది గదిలో నా పని:
వెలిగే పలక మీద నెగటివ్ పరచడం,
పైనుంచి డిజిటల్ కెమెరా గురిపెట్టడం,
ఊపిరి బిగబట్టడం.
కింద పిండి జల్లెడ పడితే
ఇక్కడ నా పని మీద రాలుతుంది.

అతనిది చియాతురా.
నల్ల మాంగనీస్ తవ్వే లోయ.
గనికెళ్ళాలన్నా పెళ్ళికెళ్ళాలన్నా
తాడు మీద వేలాడే ఇనుపడబ్బా ఎక్కాల్సిన ఊరు.
ముప్పై ఒక్కేళ్ళు ఆ డబ్బాల్ని
మీట నొక్కి పంపాడు, మీట నొక్కి దింపాడు.
మధ్యలో ఖాళీ దొరికితే
మెడలో వేలాడే స్మెనా కెమెరా మీట నొక్కాడు.

"లైట్ మీటరు లేదు దానికి," అన్నాడు,
"మబ్బు బొమ్మ, ఎండ బొమ్మ ఉంటాయి.
పైకి చూసి తిప్పుకోవడమే.
మా ఊళ్ళో ఎప్పుడూ మబ్బే, వాన మాత్రం పడదు."

నాలుగు వందల పన్నెండు నెగటివ్‌లు.
నెరిసిన జుట్టు పిల్లలు, బొగ్గులాంటి మంచు,
చీకటి పళ్ళతో నవ్వే పెళ్ళికూతురు.
రంగు తిరగేస్తే గాని మనుషులు కారు.
ఒక చుట్టంతా వెనకవైపు పెట్టాను;
దుకాణం బోర్డు మీద మా అక్షరాలు
అద్దంలోంచి ఎదురు నడిచొచ్చాయి. మళ్ళీ మొదలు.
స్లైడ్లు పదే. దీపం వేడికి
అట్ట చట్రంలో అప్పడాల్లా ఉబ్బి,
అంచు కుదిరితే నడుము మసక,
నడుము కుదిరితే అంచు.

దుమ్ముతో మాత్రం వేగలేకపోయాను.
సాఫ్ట్‌వేర్‌కి అప్పగించి
టీ తాగడానికి దిగాను.
తిరిగొచ్చేసరికి లోయలన్నీ తోమిన గిన్నెలు.
గర్వపడ్డాను, దాచడమెందుకు.

శుక్రవారం వచ్చాడు.
కళ్ళద్దాలు నుదుటికెత్తి, తెరకు ముక్కు ఆనించి
ఒక్కొక్కటే చూశాడు.
ముప్పై ఏడో ఫ్రేము దగ్గర ఆగాడు.
ముప్పై ఆరుకే డబ్బు, అది కొసరు.
చుట్ట చివర మిగిలిన బెత్తెడు ఫిల్ము.
కొండ. బండ. నున్నటి నీడ.
ఏమీ లేదు అందులో.
"నేనేడీ?" అన్నాడు.

ఆ రోజు కరెంటు పోయిందట.
లోయ మధ్య, గాల్లో, డబ్బాలో
ఒతియా, పాలమ్మే ఆమె, ఒక మేకపిల్ల.
కెమెరా కిటికీ మేకుకు మరిచిపోయి ఎక్కాడు.
పని నేర్చుకునే కుర్రాడు బోందో
ఏమీ తోచక నొక్కాడు.
"రెండు గంటలు వేలాడాం.
ఇంత పెట్టెలో నేనున్నది అదొక్కటే."

నువ్వుగింజలో సగం.
ఎండ తగిలి మెరిసిన ఇనుపడబ్బా.
రంగు తిరగేస్తే దుమ్ము కూడా అలాగే, తెల్లగానే వస్తుంది.
మరకనుకుని తుడిచేసింది యంత్రం,
పక్క బండలోంచి కాస్త చెక్కి తెచ్చి
అతుకు వేసింది.
మేకపిల్లను కూడా వదల్లేదు.

నెగటివ్ మళ్ళీ పలక మీదికి.
భూతద్దం కింద, బండ మీద ఐదు నల్ల చుక్కలు.
తాడు కనిపించదు, మరీ సన్నం.
"ఇందులో మీరేది?"
అతను మాట్లాడలేదు.
బల్ల మీది రబ్బరు బుడ్డి తీసి నా చేతికిచ్చాడు.

నొక్కాను. రెండు ఎగిరిపోయాయి.
గట్టిగా నొక్కాను. ఇంకోటి జరిగి జరిగి
అంచుదాకా పోయి రాలింది.
నాలుగోది వెంట్రుక ముక్క,
కుంచె తగలగానే లేచింది.

ఒకటి ఉండిపోయింది.
మళ్ళీ ఊదాను.

"ఆ రోజూ గాలి ఇలాగే కొట్టింది,"
అన్నాడు ఒతియా.