లాబీలో బల్ల

కూర్చో, ఆఫీసర్ ఫెరారో.
ఆ కుర్చీ కాదు, దానికి ఒక కాలు పొట్టి.
పద్నాలుగు అంతస్తులూ పైనుంచి కిందికి దిగొచ్చావు,
టోపీ తీస్తే నుదురంతా చెమట,
బయట న్యూవార్క్ జనవరి.

నా పేరు ఒడెస్సా ప్రిడ్జెన్.
ఈ మడత బల్ల, ఈ రూళ్ల పుస్తకం, దారం కట్టిన పెన్ను
పంతొమ్మిదేళ్లుగా నావి.
దారం ఎందుకంటావా, పెన్నులక్కూడా ఇక్కడ కాళ్లొస్తాయి.
రాత్రి ఎనిమిది నుంచి పన్నెండు దాకా
ఎవరొచ్చారు, ఎవరింటికి, ఎప్పుడు పోయారు, రాస్తాను.
నాకు తుపాకీ లేదు. ఫ్లాస్కు ఉంది.
తాగుతావా?

నీ కాగితాల్లో మాదొక బిల్డింగు నంబరు.
నా పుస్తకంలో ఆరో అంతస్తు బి తలుపు
రెండుసార్లు కొడితే తెరుచుకోదు, మూడుసార్లు కొట్టాలి.
రెండుసార్లు కొట్టేవాడు ఆవిడ పాత మొగుడు.
ఇది నీకు రేడియోలో ఎవరూ చెప్పరు.

పోలీసులొద్దని నేనెప్పుడూ అనలేదు.
లిఫ్టులో నా మెళ్లో గొలుసు తెంపినవాడు
చిన్నప్పుడు నా వంటింట్లో మొక్కజొన్న రొట్టె తిన్న పిల్లాడే.
ఫోన్ చేశాను. యాభై నిమిషాలు.
దొంగలు పడ్డ ఆర్నెల్లకు, అని సామెత ఊరికే పుట్టలేదు.
వచ్చినవాళ్లు వాణ్ణి పట్టుకోలేదు
కానీ గోడకి ఆనుకున్న నలుగుర్ని తిప్పి నిలబెట్టారు,
వాళ్లలో ఇద్దరు నా గొలుసు పూసలు ఏరుతున్నవాళ్లు.

సరే, మంగళవారం సంగతి.
ఏడో అంతస్తు మలుపులో బల్బు లేదు.
నలభైమూడు రోజులు.
ఫిర్యాదు నంబరు నాకు నోటికొచ్చు, మనవరాలి పుట్టినరోజులా.
లిఫ్టు ఆదివారమే చచ్చింది.
నువ్వు టార్చితో దిగుతున్నావు.
జెవాన్ ఎక్కుతున్నాడు, భుజాన ఉతికిన బట్టల మూట,
పొడుగ్గా పెరిగాడు గానీ పద్నాలుగేళ్లవాడు.
మోకాళ్లు పట్టుకుని నేను రెండో అంతస్తులో ఉన్నాను.
"ఆగు" అన్నావు.
తర్వాత ఒక చిన్న చప్పుడు.
తోలు మీద గుండీ ఊడిన చప్పుడు.
ఆ చప్పుడు నాకు కొత్త కాదు.

కాల్చొద్దని అరవలేదు నేను.
అలా అరిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.
"జెవాన్! మీ అమ్మ సబ్బుపొడి కిందే మర్చిపోయావురా!"
అన్నాను, సంతలో పిలిచినట్టు.
సబ్బుపొడీ లేదు, ఏమీ లేదు.
మెట్లన్నీ ఊపిరి బిగబట్టాయి.
అప్పుడు వాడి గొంతు,
ఇంకా సగం పగిలిన, కీచుమనే గొంతు:
"ఎక్కడ, మిస్ ఒడెస్సా?"
ఆ ఒక్క మాటకి నువ్వు విన్నావు పిల్లాణ్ణి.
గుండీ మళ్లీ పడింది.

ఇవాళ ఎందుకొచ్చావో నాకు తెలీదు,
క్షమాపణకో, కృతజ్ఞతకో, చలికో.
రెండూ నా దగ్గర దొరకవు, చలికైతే కాఫీ.
జెవాన్ మెట్లెక్కడం మానేశాడు.
లిఫ్టు బాగయ్యేదాకా లాబీలో నిలబడి
బడికి మూడుసార్లు ఆలస్యమయ్యాడు.
వాళ్లది పదకొండు ఎఫ్.
వెళ్తే టార్చితో కాదు, వేళ్లతో తట్టు.
తలుపు తీయకపోతే తిరిగి రా, తప్పులేదు.

ఒకటి మాత్రం కడుపు మండింది.
నువ్వు రిపోర్టులో "చీకటి" అని రాశావట,
మర్నాడు పొద్దున్నే నిచ్చెనతో మనిషొచ్చాడు.
నా నలభైమూడు రోజులు, నీ ఒక్క మాట.
అయితే ఇప్పుడు రాయి.
నాలుగో అంతస్తు, రెండు బల్బులు.
పన్నెండు, ఒకటి.
వెనక తలుపు తాళం, ఆగస్టు నుంచి.
నా పెన్నే తీసుకో, దారం నీ దాకా వస్తుంది.

లేస్తున్నావా? పుస్తకంలో సంతకం.
వచ్చిన టైము, పోయే టైము.
అందరూ పెడతారు.