ఇరవై ఎనిమిదో రోజు

స్టాంపు కాగితం మీద సంతకాలయ్యాయి.
బ్యానర్‌లో కంపెనీ పేరు పెద్దగా, మా కాలేజీ పేరు చిన్నగా.
శాలువాలు, అనాసపండు కేకు, ఫొటో.
పిల్లలు వారానికి మూడు రోజులు సైటులో నేర్చుకోవాలని
ఏడో నిబంధన.
వాళ్ళతో నేనూ వెళ్ళాలని ఎక్కడా రాయలేదు గానీ
వెళ్ళాను.

పదకొండేళ్ళుగా కాంక్రీటు చెబుతున్నాను,
సుద్దముక్కతో.
నీళ్ళు ఎక్కువైతే బలం తగ్గుతుందని
గ్రాఫు గీసి, వంపు దగ్గర చెయ్యి ఆపి మరీ చెబుతాను.
సర్జాపుర రోడ్డులో, ఏడో అంతస్తు సెంట్రింగు చెక్కల మీద
మొదటిసారి నిలబడ్డ రోజు
నా మోకాళ్ళకు ఆ గ్రాఫు గుర్తు రాలేదు.

అక్కడ పాఠం కుళ్ళాయప్ప మేస్త్రిది.
కదిరి పక్క పల్లె. బెంగుళూరొచ్చి ఇరవై రెండేళ్ళు.
గుప్పెడు తడి కాంక్రీటు పిసికి
వేళ్ళ సందుల్లోంచి కారేది చూసి
"నీళ్ళు మించినాయి" అంటాడు.
అంతే.

తౌసీఫ్ అచ్చు నింపి కడ్డీతో పొడుస్తుంటే
లెక్క ఆయనే పెట్టాడు.
"వరసకి ముప్పై ఐదు పోట్లు అబ్బయా, ముప్పై నాలుక్కే నిలిపితివి.
ఆ ఒక్కటీ యాడ దాచుకుంటివి?"
భవ్య నవ్వింది. మునియల్లప్ప నవ్వలేదు.
వాళ్ళమ్మ ఇదే రోడ్డులో ఇంకో సైటులో ఇసుక మోస్తుంది.
దిమ్మె పచ్చి ముఖం మీద మేకుతో తేదీ గీశాడు కుళ్ళాయప్ప.
అక్షరాలు రావు. అంకెలొచ్చు.

లాగ్‌బుక్కులో "పరిశ్రమ నిపుణుడి సంతకం" అని ఒక గడి,
పక్కనే "విద్యార్హత" అని ఇంకోటి.
ఆ రెండో గడి మూలంగా
మొదటి దాంట్లో, నిరుడు డిగ్రీ అయిన సైటు ఇంజనీరు సంతకం చేస్తాడు.
మంచి కుర్రాడే. స్లాబంటే ఏమిటో అతనికీ కుళ్ళాయప్పే చెప్పాడు.

ఒక సాయంత్రం చేతులు కడుక్కుంటూ అడిగాడు:
"మేడమ్మా, ఇట్లాంటి దిమ్మెలు ఎన్ని పంపించినానో లెక్కే లేదు.
వ్యాన్లో పోతాయి, తిరిగి రావు.
యాడికి పోతాయి అవి?"
విరగ్గొడతాం, అన్నాను.
కొళాయి కట్టేసి చాలాసేపు నిలబడ్డాడు.
"నేను సూడొచ్చునా?"

బుధవారం, రెండు బస్సులు మారి వచ్చాడు.
ఉతికిన చొక్కా, తలకు నూనె.
గేటు దగ్గర రిజిస్టరులో "వచ్చిన పని" అనే చోట
ఏం రాయాలో తెలియక
సెక్యూరిటీ అతను "పెయింటింగ్" అని రాసుకున్నాడు.

తొట్టిలోంచి దిమ్మెను తీసి తుడిచి
తేదీ ఉన్న ముఖం మా వైపు తిప్పి పెట్టింది భవ్య.
ముల్లు కదిలింది. నాలుగు వందలు.
ఐదు వందల అరవై రెండు దాటితే పాసు, అన్నాను.
ఆయన నా మాట వినడం లేదు.
ఆరు వందలు.
"సాల్లే" అన్నాడు మెల్లగా, యంత్రంతో.
ఏడు వందలు.
"సాలు."
ఏడు వందల పదకొండు దగ్గర లోపలెక్కడో పటుక్కుమంది.
అంచులు రాలి, నడుము సన్నబడి
డమరుకంలా మిగిలింది దిమ్మె.

పిల్లలు చప్పట్లు కొట్టారు.
కుళ్ళాయప్ప ఒక పెళ్ళ తీసుకుని వెలుతురుకు పెట్టి చూశాడు.
"కంకరే తెగింది. మన సిమెంటు ఇడిసిపెట్టలేదు."
కాసేపాగి,
"దీని తోడబుట్టినవన్నీ ఏడో అంతస్తులో ఉండాయి మేడమ్మా.
వాటికి తెలీదు, ఇది ఇట్లయిందని."

పెళ్ళను టిఫిన్ డబ్బాలో పెట్టుకున్నాడు.
గేటు దగ్గర డబ్బా తెరిపించి
సెక్యూరిటీ అతను నా వైపు చూశాడు.
ఆయనదే, అన్నాను.

లాగ్‌బుక్కులో "నేడు నేర్చుకున్నది" కింద
భవ్య బలం లెక్క రాసింది: ముప్పై ఒకటి పాయింటు ఆరు.
తౌసీఫ్ దాన్నే ఎక్కించాడు.
మునియల్లప్ప అక్కడేమీ రాయలేదు.
కిందికి దిగి, విద్యార్హత గడిలో
పెన్సిలుతో, చిన్నగా
"ఇరవై రెండేళ్ళు" అని రాశాడు.

శుక్రవారం లోపు కంపెనీకి పంపాలి.
రబ్బరు నా సొరుగులోనే ఉంది.