ఎడమవైపు సముద్రం

ముప్పై ఒక్క ఏళ్లు ఈ దారిలో బస్సు నడిపిన మనిషి
ఇవాళ నా పక్క సీట్లో
ఒళ్లో టోపీ పెట్టుకుని కూర్చున్నాడు.
రెండు కళ్లలోనూ మబ్బు.
సాయంత్రం కుడి కన్ను కోస్తారు స్ప్లిత్ లో.
ఎడమదాని సంగతి తర్వాత చూద్దామన్నారు.

ఊరు దాటగానే మొదలుపెట్టాడు:
"మలుపు. మూడో గేరు.
ఇప్పుడు పైన్ చెట్ల వాసన కొడుతుంది, కొట్టిందా?
అక్కడే గోడ. దానికి దూరంగా పట్టు."
నిజంగానే గోడ ఉంది.
దాని ఒంటి మీద ఎవరి కారుదో ఎర్ర గీత.
నా లైసెన్సుకి ఐదు వారాల వయసు.
తాత కాలు, తన వైపు లేని బ్రేకు మీద
నాకంటే ముందే పడుతోంది.

మకార్స్కా పోయింది, బ్రేలా పోయింది.
తాత కిటికీ నిండా బియోకొవో కొండ,
బూడిదరంగు రాయి, రాయి, మధ్యలో ఒక మేక.
దుబ్త్సి మలుపులో బురా గాలి
కారుని లెంపకాయ కొట్టింది.
"పలకరిస్తోందిలే. స్టీరింగు పిసక్కు,
కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో."

కాసేపాగి, నెమ్మదిగా,
"సముద్రం ఏ రంగులో ఉందే తోంకా?"

సముద్రం నా వైపుంది. ఎడమ భుజానికి ఆనుకునే ఉంది.
"నాకేం తెలుసు తాతా, రోడ్డు చూస్తున్నాను."

దగ్గొచ్చేదాకా నవ్వాడు.
"జర్మన్లు అడిగేవాళ్లు. చెక్ పిల్లలు అడిగేవాళ్లు.
పెళ్లయిన మూడో రోజు
వెనక సీట్లోంచి మీ నానమ్మ అడిగింది.
ఎప్పుడూ ఉండే రంగే, అనేవాణ్ణి."

ఓమిష్ వంతెన దగ్గర అత్తిపళ్లు కొన్నాం.
బొటనవేలితో ఒక్కోటీ నొక్కి
అమ్మేవాడికి సగం తిరిగిచ్చేశాడు.

స్ప్లిత్ పాత ఊరు.
ఎప్పుడో ఒక చక్రవర్తి, కిరీటం దింపేసి
ముసలితనం వెళ్లదీయడానికి కట్టుకున్న కోట.
ఆయన గోడకి మేకు కొట్టి
పెరీనా బామ్మ వెల్లుల్లి జడ వేలాడదీసింది.
పాదాలు అరగదీసిన రాళ్లు
వాన లేకుండానే తడిగా మెరుస్తుంటే
తాత మడమలతో చూసుకుంటూ నడిచాడు.
చేపల బజారులో ఒక్క ఈగ లేదు,
నేలకిందనుంచి గంధకం కంపు.
"కుళ్లిన గుడ్డు! వచ్చేశాం!" అని పసివాడిలా మురిశాడు.

మెట్ల దారిలో ప్రతి తలుపుకీ అంకెల తాళం డబ్బా.
ఒకదాన్ని తడిమి ఆగాడు.
"ఇది కుజ్మానిచ్ వాళ్ల ఇల్లు కదూ?"
"ఇప్పుడు నాలుగో నంబరు గది," అంది పెరీనా బామ్మ.
ఆపరేషనయి వచ్చి పడుకున్న ఆ రాత్రంతా
కిటికీ కింద సూట్‌కేసుల చక్రాలు
రాళ్లని నములుతూనే ఉన్నాయి.

పొద్దున్న కట్టు విప్పారు.
మొదట తన చేతులు చూసుకున్నాడు.
ఈ మచ్చలెప్పుడొచ్చాయని నర్సుని నిలదీశాడు.
తర్వాత చెల్లెల్ని చూసి,
"పెరీనా! ఇంత ముసలిదానివైపోయావేమే?"
"అద్దం అరువిస్తాను, ముందు నీ మొహం చూసుకో," అంది ఆవిడ,
కొంగు లేని గౌనుతోనే కళ్లు తుడుచుకుని.

తిరుగు ప్రయాణంలో కొండ నా వైపొచ్చింది.
నల్లద్దాలు తియ్యొద్దన్నారు.
ఓమిష్ దాటేదాకా తియ్యలేదు.

తర్వాత మలుపుల లెక్క ఆగిపోయింది.
గేరు సంగతి ఎత్తలేదు. కాలు కదల్లేదు.
దుబ్త్సి దగ్గర గాలి కొడితే
నేనే కోడిపిల్లని పట్టుకున్నాను.
"ఏ రంగు తాతా?" అన్నాను.
వినపడలేదో, వినపడిందో.
చేతిలో అత్తిపండు కొరక్కుండా అలాగే ఉంది,
రసం మణికట్టు దాకా కారుతోంది.

పైన్ చెట్ల వాసన కొట్టింది.
ఆయన చెప్పలేదు.
గోడకి దూరంగా నేనే పట్టాను.